మల్లి కాలి ఆనెకాయ

మా మల్లి గడ్డి మీద పరిగెడుతుంది, రోడ్డు మీద కుంటుతుంది. ఈ ఒక్క ముక్క మొదట్లోనే పట్టించుకుని ఉంటే దానికి మూడు నెలల నొప్పి తప్పేది.

మల్లి ఐర్లాండ్‌లో పుట్టిన గ్రేహౌండ్ జాతి కుక్క. రెండు చెవుల్లోనూ పచ్చబొట్లు ఉంటాయి, అక్కడ పుట్టిన రేసు కుక్కలకి అదే గుర్తు. ఇంగ్లండ్‌లో ఇసుక ట్రాక్‌ల మీద పరిగెత్తి, నాలుగేళ్ళకి రిటైరై, రెడింగ్‌లో మా ఇంటికొచ్చింది. ఒళ్ళంతా నలుపు, గుండెల మీద మాత్రం మల్లెమొగ్గంత తెల్ల మచ్చ. పేరు అందుకే.

పోయిన అక్టోబర్‌లో ఎడమ ముందుకాలు ఆనించడానికి భయపడటం మొదలైంది. మా ఇంటి ముందు కంకర పోసిన దారి పట్టుమని పదడుగులు ఉంటుంది. అక్కడికి రాగానే ఆగిపోయి నా మొహంలోకి చూసేది. పార్కులో కాలికి గడ్డి తగిలిందంటే ఏమీ లేనట్టే ఉండేది. క్లినిక్‌కి తీసుకెళ్తే భుజంలో ఏదో పట్టేసి ఉంటుందన్నారు, ఎక్స్‌రే తీశారు, నొప్పి మందు ఇచ్చారు. ఎక్స్‌రేలో ఏమీ లేదు. మందు వేసినన్నాళ్ళు కాస్త నయం, ఆపగానే మళ్ళీ మొదలు. పాదం తిప్పి అడుగున ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

చివరికి పార్కులో ఒక పెద్దావిడ, చాలా ఏళ్ళుగా గ్రేహౌండ్‌లనే పెంచుతున్నావిడ, మల్లి నడక చూసి "ప్యాడ్ తడిపి చూశావా?" అని అడిగింది. ఇంటికొచ్చి దాన్ని పరుపు మీద పడుకోబెట్టి, తడిగుడ్డతో వేళ్ళ కింద మెత్తలు ఒక్కొక్కటే తుడిచాను. పొడిగా ఉన్నప్పుడు కాస్త గరుకుగా కనిపించే చోటే, తడి తగిలేసరికి గుండ్రటి గీత తేలింది. మధ్యలో బూడిదరంగు బొట్టు, కందిగింజంత. పక్కల నుంచి రెండు వేళ్ళతో మెల్లగా నొక్కాను. కాలు చటుక్కున లాక్కుని, నా చెయ్యి నాకింది.

ఆనెకాయ. మనకొచ్చేదే. గోళ్ళలో ఉండే కెరటినే గట్టిపడి, చిన్న మేకులా లోపలికి దిగుతుంది. మెత్తటి నేల మీద ఆ మేకు నేలలోకి దిగుతుంది కాబట్టి నొప్పి ఉండదు, సిమెంటు మీద తిరిగి కండలోకే గుచ్చుకుంటుంది. గడ్డికీ రోడ్డుకీ తేడా అదే.

గ్రేహౌండ్‌లకే ఇది ఎక్కువ ఎందుకొస్తుందన్నది ఇంకా తేలలేదు. ఒంట్లో కొవ్వు తక్కువ, కాలివేళ్ళు పొడుగు, ముందుకాళ్ళలో మధ్య రెండు వేళ్ళ మీదే ఎక్కువ బరువు పడుతుంది. ఆనెకాయలు ఎక్కువగా వచ్చేదీ ఆ వేళ్ళకే. కొన్నిటిలో పులిపిర్లు తెచ్చే పాపిలోమా వైరస్ కూడా దొరికింది. మైక్ గిల్యార్డ్ అనే బ్రిటిష్ వెట్ (పశువైద్యుడు) బృందం 2010లో రాసిన పరిశోధన పత్రంలో ఒత్తిడే కారణమన్న వైపు మొగ్గారు. ఆపరేషన్ చేసి కోసి తీసేసినా చాలావాటికి తిరిగొచ్చిందని కూడా అందులోనే ఉంది. మల్లిని చూస్తే నాకూ ఒత్తిడే నిజమనిపిస్తుంది.

రెండో వెట్ దగ్గర చేసింది హల్లింగ్, అంటే ఆనెకాయని కోయకుండా గింజలా ఊడదీయడం. మత్తు ఇవ్వలేదు. కాలు తడిపి, పళ్ళ డాక్టర్లు వాడే సన్నటి పనిముట్టు ఒకటి ఆ గుండ్రటి గీత వెంబడి దించి, గింజ చుట్టూ మెల్లగా తిప్పుకుంటూ వచ్చాడు. నేను మల్లి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. గొంతులో చిన్న మూలుగు వచ్చింది, అంతే. ఉన్నట్టుండి అది ఊడి వచ్చేసింది. కింద సన్నం, పైన వెడల్పు, కొమ్ము ముక్కలా పసుపుపచ్చగా ఉంది. చుక్క రక్తం లేదు. ఆ చోట నున్నటి గులాబీ రంగు గుంట మిగిలింది. ఆ సాయంత్రం కంకర మీద ఆగకుండా నడిచింది. నేను గుమ్మంలో నిలబడి ఏడ్చేశాను.

మళ్ళీ వస్తుందని వెట్ ముందే చెప్పాడు. ఆరు వారాలకి వచ్చింది.

తెనాలిలో అమ్మకి ఫోన్ చేస్తే "జిల్లేడు పాలు పెట్టవే" అంది. తన కాలికి అదే పెట్టుకునేది. కుక్కకి మాత్రం వద్దు, ఏది రాసినా నాకేస్తుంది, జిల్లేడు పాలు విషం. మందుల షాపులో అమ్మే కార్న్ ప్లాస్టర్లూ వద్దు, వాటిలో ఉండే సాలిసిలిక్ యాసిడ్ పక్కనున్న మంచి చర్మాన్ని కూడా తినేస్తుంది, కడుపులోకి పోతే ఇంకా ప్రమాదం. కానీ అమ్మ ఇంకో మాట అంది: "పొడి కాలు చెక్కకు, నానబెట్టి గీకు." అది మాత్రం పాటిస్తున్నాను. రాత్రి గోరువెచ్చని నీళ్ళలో పదినిమిషాలు కాలు పెట్టిస్తాను, గోళ్ళు అరగదీసే ఆకురాయితో పైపైన రుద్దుతాను, తర్వాత కాస్త కొబ్బరినూనె. బ్లేడు జోలికి పోను, అది వెట్ పనే. రోడ్డు మీదకి మెత్తటి అడుగున్న బూటు తొడుగుతాను. ఇంటికి రాగానే విప్పేయాలి, లేదంటే లోపల చెమ్మ చేరి ఒరుసుకుపోతుంది.

వేలు తీసేయడం అనే మాట ఒకసారి వచ్చింది. వద్దన్నాను. ఆ వేలి బరువు పక్క వేలి మీద పడితే అక్కడ ఇంకోటి రాదని నమ్మకమేంటి? వేలిని వంచే టెండన్‌ని, అంటే కండని ఎముకకి కలిపే తాడులాంటి దాన్ని కోసి, వేలు కాస్త చదునయ్యేలా చేసే ఆపరేషన్ ఒకటుంది, ఒత్తిడి ఆనెకాయ మీద నుంచి తప్పుకుంటుంది. గిల్యార్డ్ చేస్తూ వచ్చినది అదే. దాని గురించి ఆలోచిస్తున్నాం. మల్లికి ఏడేళ్ళు, గుండె బాగుంది, మత్తు తట్టుకుంటుందనే వెట్ అంటున్నాడు.

నిన్నటికి రెండో హల్లింగ్ చేయించి అయిదు వారాలు. పొద్దున తడిపి చూస్తే బొట్టు మళ్ళీ కనబడింది, ఆవగింజంత. నొక్కితే కాలు లాక్కోలేదు గానీ చెవులు వెనక్కి వెళ్ళాయి. గురువారానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.