ఆర్డరు బొమ్మల చిత్రకారిణి సిసీలియా బో

నల్లగొండలో మనుషుల బొమ్మలు గీసి బతికే నాలాంటివాళ్లను, కళ మీద అభిమానం ఉన్న పెద్దలు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "అన్నీ ఆర్డరు పనులేనా, సొంతంగా ఏమన్నా వేస్తున్నరా?" అడిగేవారి మనసులో చెడు ఏమీ ఉండదు గానీ, డబ్బు తీసుకొని గీసిన ముఖం ఒక జాతి అనీ, మనసుకు తోచి గీసిన ముఖం మరో జాతి అనీ ఒక నమ్మకం ఆ ప్రశ్న అడుగున ఉంటుంది. పందొమ్మిదో శతాబ్దం చివర అమెరికాలో రూపచిత్రాలతో పేరు తెచ్చుకున్న సిసీలియా బో జీవితం చదివిన కొద్దీ ఆ నమ్మకం మీద నాకు అనుమానం పెరిగింది.

ఆమె 1855 మే 1న ఫిలడెల్ఫియాలో పుట్టింది. పన్నెండు రోజుల పసిగుడ్డుగా ఉండగానే తల్లి బాలింత జ్వరంతో పోయింది. పట్టు పరిశ్రమ పెట్టడానికి ఫ్రాన్స్ నుంచి వచ్చిన తండ్రి ఆ దుఃఖానికి తట్టుకోలేక, ఆడపిల్లలిద్దరినీ అత్తవారింట వదిలి స్వదేశానికి వెళ్లిపోయాడు. పిల్లల్ని అమ్మమ్మ, తల్లి తోబుట్టువులు పెంచారు. మొదలుపెట్టిన పనిని అంతు చూసేదాకా వదలకూడదన్నది ఆ అమ్మమ్మ నియమం. ఇంటి అల్లుడు విలియం బిడిల్ చొరవతో పదహారేళ్ల వయసులో సిసీలియా, ఆయనకు బంధువైన కేథరీన్ డ్రింకర్ అనే చిత్రకారిణి దగ్గర శిష్యరికానికి కుదిరింది. ఒక స్త్రీ సొంత స్టూడియోలో కూర్చొని కుంచెతో సంపాదించుకోవడాన్ని ఆమె దగ్గరగా చూసింది అక్కడే.

పద్దెనిమిదేళ్లకే బడిలో డ్రాయింగు పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన సిసీలియా, ఆ తర్వాత చేతికి వచ్చిన పనినల్లా చేసింది. వాటిలో రెండు పనుల గురించి కాస్త ఆగి చెప్పాలి. మొదటిది, ఎడ్వర్డ్ కోప్ అనే శాస్త్రజ్ఞుడి కోసం, అమెరికా ప్రభుత్వ భూగర్భ పరిశోధన సంస్థ నివేదికలకు శిలాజాల బొమ్మలు గీయడం. ఎముక మీది ప్రతి గాడినీ, ప్రతి విరుపునూ ఉన్నది ఉన్నట్టుగా, వెంట్రుకవాసి తేడా రాకుండా దించాలి. ఊహకు చోటు లేదు. అంతటి కచ్చితత్వం తన వల్ల కాదనీ, గీస్తూ ఉంటే కడుపులో నొప్పి పుట్టేదనీ ఆమే చెప్పుకుంది. రెండోది, 1879లో నేర్చుకున్న పింగాణీ చిత్రణ. తల్లిదండ్రులు పంపిన ఫొటోలు చూసి, వారి పిల్లల ముఖాలను పెద్ద పింగాణీ పళ్లేల మీద రంగుల్లో వేసేది. గోడకు తీగతో వేలాడదీసుకునే ఆ పళ్లేలకు గిరాకీ దూరప్రాంతాల దాకా పాకింది.

ఎన్నడూ చూడని మనిషిని ఫొటో నుంచి గీయడంలో ఉండే కష్టం నాకు తెలుసు. మా దగ్గర పెద్దకర్మకు పటం కావాలని వచ్చేవారి చేతిలో ఓటరు కార్డు ఫొటోయో, పెళ్లి గుంపులో గోటి వెడల్పు ముఖమో ఉంటుంది. ఒకసారి దేవరకొండ వైపు నుంచి ఒక తల్లి, చనిపోయిన కూతురి హాల్‌టికెట్టు తెచ్చింది. దాని మీది ఫొటో తప్ప ఆ పిల్లకు వేరే ఫొటో లేదు. దాని కింది భాగం మీదుగా స్కూలు ముద్ర పడి, ఊదారంగు సిరాలో గదువ మొత్తం మునిగిపోయింది. ఫొటో మీద గళ్లు గీసి, షీటు మీద ఆ గళ్లను పెంచుకుంటూ పోతే కళ్లు, ముక్కు, నుదురు కుదిరాయి గానీ కింది రెండు వరుసల గళ్లు ఖాళీగా మిగిలాయి. వెంట వచ్చిన చెల్లెలు, "మా అక్క గదువ, నా గదువ ఒక్క తీర్గనే ఉంటయి మేడం" అని కిటికీ పక్కన కూర్చుంది. ఆ పిల్ల గదువను చూసి అక్క ముఖం పూర్తి చేశాను. తల్లి చాలాసేపు చూసి, "గింత సన్నగ ఉండె బిడ్డా" అని వేలితో గాలిలో గీసి చూపించింది, అలాగే దిద్దాను. ఆర్డరు పని అంటే ఇదే: ఎదుటివారి జ్ఞాపకానికి జవాబు చెప్పుకోవలసిన పని.

శిలాజాలు గీసి, పళ్లేల మీద ముఖాలు వేసి గడిపిన ఈ ఏళ్లను సిసీలియా బో జీవితకథల్లో ముందుమాటలాగా దాటేస్తారు. నా లెక్కలో అసలు చదువు అదే. పెన్సిల్వేనియా లలితకళా అకాడమీలో ఆమె చేరిన కాలంలో అక్కడ థామస్ ఈకిన్స్ అనే చిత్రకారుడి ప్రభావం బలంగా ఉండేది. ఏదో ఆత్మరక్షణ బుద్ధి తనను ఆయన వలయానికి ఆవల నిలబెట్టిందని ఆమె తర్వాత రాసుకుంది. కొందరు స్నేహితురాళ్లతో కలిసి ఒక గది తీసుకొని, మోడల్‌ను పెట్టుకొని, న్యూయార్క్ నుంచి వచ్చి పని చూసి దిద్దే విలియం సార్టెయిన్ దగ్గర 1881 నుంచి రెండేళ్లు అభ్యాసం చేసింది.

తర్వాత వచ్చిన పెద్ద చిత్రంలో నల్లదుస్తుల్లో కూర్చున్నది సొంత అక్క ఎట్టా, ఆమె ఒడిలో ఒరిగి ఉన్నది కొడుకు హెన్రీ. ఫ్రెంచిలో పేరు పెట్టిన ఆ బొమ్మకు 'పసితనపు చివరి రోజులు' అని అర్థం. దానికి 1885లో అకాడమీ వారి మేరీ స్మిత్ బహుమతి వచ్చింది. ఆ బహుమతి ఆమెకు ఆ తర్వాత మరో మూడుసార్లు దక్కింది. ఒక స్నేహితురాలు పట్టుబట్టి ఆ చిత్రాన్ని పారిస్ తీసుకువెళ్లగా, సలోన్ అని పిలిచే అక్కడి పెద్ద చిత్రప్రదర్శనలో 1887లో చోటు దొరికింది. చిత్రకారిణి కంటే ముందే చిత్రం పారిస్ చేరిందన్నమాట.

ఆమె స్వయంగా ఐరోపా వెళ్లింది 1888లో, ముప్పై రెండేళ్ల వయసులో. ఫ్రాన్స్ ప్రభుత్వ లలితకళా పాఠశాలలో అప్పటికి స్త్రీలకు ప్రవేశం లేదు. 1897 దాకా ఆ తలుపు తెరుచుకోలేదు. అందువల్ల విదేశాల నుంచి వచ్చిన ఆడవాళ్లు జూలియన్ అకాడమీ వంటి ప్రైవేటు శిక్షణాలయాల్లో చేరి, మగవారికంటే ఎక్కువ రుసుము కట్టి, వేరే గదుల్లో నేర్చుకునేవారు. సిసీలియా కూడా అలాగే చేరింది. ఆ వేసవిలో బ్రిటనీ తీరాన కొంకార్నో అనే జాలరుల ఊరిలో ఉండి ఆరుబయట వెలుతురులో బొమ్మలు వేసి చూసింది, కానీ తన మనసు ప్రకృతి దృశ్యాల కంటే మనుషుల ముఖాల మీదే నిలుస్తుందని అక్కడే తేల్చుకొని, మరుసటి ఏడు ఇంటిదారి పట్టింది.

1890ల్లో వేసిన చిత్రాలే ఆమె పనిలో ఉత్తమమైనవి. 'సీతా, సరితా' అనే చిత్రం పేరు చూస్తే మన అక్కచెల్లెళ్లెవరో అనిపిస్తుంది. తీరా చూస్తే తెల్లని గౌనులో కూర్చున్న ఆమె బంధువు సారా, ఆమె భుజం మీద ఒక నల్లపిల్లి. సారా చూపు పక్కకు పోతుంది, పిల్లి మాత్రం సూటిగా మనల్నే చూస్తుంది. ఆ చిత్రం ఇప్పుడు పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది. అందులో నన్ను ఎక్కువగా ఆపేది ఆ తెలుపు. చేనేత పంచె ఎండలో ఒక తెలుపు, నీడలో మడతపెట్టినప్పుడు మరో తెలుపు అయినట్టు, ఆ గౌనులో నీలమూ, లేత ఆకుపచ్చా, గులాబీ ఛాయా దాగి ఉంటాయి. తెల్లరంగు ఒక్కటే తీసుకొని వేస్తే అది సున్నం కొట్టిన గోడ అవుతుంది. 1894లో వేసిన మరో చిత్రంలో అక్క కూతురు ఎర్నెస్టా, ఆయా చేయి పట్టుకొని నిలబడి ఉంటుంది. ఆయా నడుము పైభాగం చట్రంలోకి రాదు. ఎప్రాను, చేయి మాత్రమే కనిపిస్తాయి. చిన్నపిల్ల కంటికి ప్రపంచం అంత ఎత్తులోనే ఆగిపోతుందన్న సంగతిని అంత తేలికగా చెప్పిన చిత్రం నాకు మరొకటి తెలియదు. అయితే ఆ ఆయా ముఖం కూడా ఒకసారి గీసి ఉంటే బాగుండేదని అనిపించకుండా ఉండదు.

అదే కాలంలో మన వైపు ముఖాల పని కెమెరా చేతికి వెళుతోంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాని నిర్వహణ ఒక ఆంగ్ల మహిళకు అప్పగించాడు. ఆ పరదా వల్లనే ఇక్కడ కూడా ముఖాలు తీసే పని ఒక స్త్రీ చేతికి వచ్చింది.

1895లో పెన్సిల్వేనియా అకాడమీ సిసీలియా బోను పూర్తికాలపు అధ్యాపకురాలిగా తీసుకుంది. అక్కడ ఆ స్థానం పొందిన మొదటి మహిళ ఆమే. 1915 దాకా అక్కడే బోధించింది. 1899లో కార్నెగీ సంస్థ ప్రదర్శనలో ఆమెకు స్వర్ణపతకం వచ్చినప్పుడు, విలియం మెరిట్ చేజ్ అనే ప్రముఖ చిత్రకారుడు ఆమెను నేటిదాకా పుట్టిన స్త్రీ చిత్రకారుల్లో అందరికంటే గొప్పది అని మెచ్చుకున్నాడు. పొగడ్తే, కాదనను, కానీ ఆ 'స్త్రీ' అన్న మాటతో గీత గీసి పందెం పెట్టినట్టుంది. ఆమె పెళ్లి చేసుకోలేదు. తర్వాతి ఏళ్లలో అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ భార్యనూ, మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక ఫ్రాన్స్ నాయకుడు క్లెమెన్సోనూ గీసింది.

1924లో పారిస్‌లో పడి తుంటి ఎముక విరగడంతో పని బాగా తగ్గిపోయింది. 1930లో ఆత్మకథ వెలువరించి, 1942లో కన్నుమూసింది. ఆ పుస్తకంలో పింగాణీ పళ్లేల ప్రస్తావన ఉంది. డబ్బు కోసం తాను దిగజారిన అట్టడుగు అదేనని, ఆ సంగతి సిగ్గుతో రాస్తున్నానని అన్నది. అంతటితో ఆగక, ఆ రంగు కడిగినా పోయేది కాదు గనుక, కొన్నయినా వేలాడదీసిన తీగలు అరిగి కిందపడి ముక్కలయ్యాయని వింటే సంతోషించేదాన్నని కూడా రాసింది. డెబ్బై అయిదేళ్ల వయసులో రాసిన ఈ మాట దగ్గర మాత్రం నేను ఆమె పక్షాన ఉండలేను. పళ్లెం గోడకు తగిలించుకున్న తల్లులను ఎవరూ అడగలేదు.