తొమ్మిది వాకిళ్ల ఇల్లు

2023లో, వేసవి సెలవులకు ముందు ఒక సాయంత్రం మా పెద్దది బడి నుంచి వచ్చి, భుజం మీది బ్యాగు కూడా దించకుండా నేరుగా వంటింట్లోకి వచ్చింది. అప్పటికి దానికి తొమ్మిదేళ్లు. "అమ్మా, నక్షత్రాలన్నీ సూర్యుడి లాంటివేనట. మండుతూ ఉంటాయట. మరి తాత నక్షత్రం అయ్యాడని ఎందుకు చెప్పావు?" అని అడిగింది.

కోపంగా అడగలేదు. కోపంగా అడిగినా బాగుండేది. రెండేళ్లుగా రోజూ పడుకునే ముందు కిటికీ తెర జరిపి, తను ఎంచుకున్న ఒక చుక్కకు గుడ్‌నైట్ చెప్పి పడుకునే పిల్ల. ఆ రాత్రి తెర జరపలేదు. నేను గుమ్మంలో నిలబడి చూశాను, లోపలికి వెళ్లడానికి ధైర్యం చాలలేదు.

మేము న్యూజెర్సీలో, ఎడిసన్‌లో ఉంటాం. మా ఊరు నల్లగొండ జిల్లాలో తిప్పర్తి దగ్గర. మా నాయినకు రెండెకరాల బత్తాయి తోట, ఒక తంబుర ఉండేవి. పగలు తోట, రాత్రి తంబుర. అచలమనే తాత్త్విక మార్గంలో గురువు దగ్గర ఉపదేశం తీసుకున్న మనిషి. పున్నమికి పున్నమికి మా వాకిట్లో భజన జరిగేది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పది పదిహేను మంది వచ్చేవాళ్లు. గొర్లు కాసేవాళ్లు, మగ్గం నేసేవాళ్లు, ఒక రిటైర్డ్ పంతులు. తాళాలు, చిడతలు, తెల్లవార్లూ తత్వాలు. మా వైపు తత్వం అంటే పాటే, కానీ పొడుపుకథ లాంటి పాట. వినడానికి ఇల్లు, బావి, పిట్ట, మాను అన్నీ తెలిసిన మాటలే. అన్నీ కలిపితే మాత్రం ఏమీ అర్థం కాదు.

నాకు ఏడేళ్లప్పుడు ఆ పాటల్లో వచ్చే తొమ్మిది వాకిళ్ల ఇల్లు నన్ను పట్టుకుంది. ఊరంతా తిరిగి ఇళ్ల వాకిళ్లు లెక్కపెట్టాను. కూలిపోయిన దొర గడీకి కూడా ఏడే ఉన్నాయి. "నాయినా, ఆ ఇల్లు యాడున్నది?" అని అడిగితే, "నీ ఎంటనే ఉన్నది బిడ్డా, ఎతుక్కో" అన్నాడు. అంతే. ఇంకెప్పుడు అడిగినా అదే మాట. డిగ్రీలో ఉండగా ఒక పుస్తకంలో దాని అర్థం చదివాను. ఓహో, ఇంతేనా అనుకున్నాను. తెలిసిపోయిందనుకుని మరిచిపోయాను.

2021 మేలో నాయిన పోయాడు. కరోనా రోజులు, అక్కడ లాక్‌డౌన్. వెళ్లే దారి లేదు. తమ్ముడు ఫోను పట్టుకుని వీడియోలో చూపించాడు. ఇక్కడ అర్ధరాత్రి దాటింది. నేను వంటింటి నేల మీద కూర్చుని చూస్తున్నాను. చిన్నాయన వంగి నాయిన కళ్లు మూశాడు. ఎవరో దూది తెచ్చారు. ముక్కులో పెట్టారు. చెవుల్లో పెట్టారు. గడ్డం కింద నుంచి తల మీదికి గుడ్డ కట్టి నోరు మూసేలా చేశారు. నేను లెక్కపెడుతున్నానని అప్పటిదాకా నాకే తెలియదు. ఏడు దగ్గర ఆగి, ఫోను పక్కన పెట్టి ఏడ్చాను.

ఏడేళ్లప్పుడు అడిగిన ప్రశ్నకు మా నాయిన ముప్పై ఏళ్ల తర్వాత, తనే పడుకుని జవాబు చెప్పాడు. ఆ మర్నాడు నా బిడ్డ "తాత ఎక్కడికి వెళ్లాడు?" అని అడిగితే నేను మాత్రం ఆకాశంలో ఒక చుక్కను చూపించాను. ఆ నక్షత్రం రెండేళ్లే నిలిచింది.

ఆ రెండింటికీ తేడా ఏమిటని అప్పటి నుంచి ఆలోచిస్తున్నాను. పైకి చూస్తే రెండూ ఒకటే. నాయినా సూటిగా చెప్పలేదు, నేనూ చెప్పలేదు. కానీ ఆయన నన్ను వెతకమన్నాడు. నేను నా బిడ్డను ఇంక వెతకాల్సిన పని లేకుండా చేశాను. అప్పుడు దాని ఏడుపు ఆగాలి, నాకు ఇంకో ప్రశ్న రాకూడదు, అంతే నాకు కావలసింది. దాన్ని కథ అనకూడదు. కథ వేరు, మభ్యపెట్టడం వేరు. పిల్లలకు దైవం గురించి, చావు గురించి సూటిగా చెప్పాలా, కథలుగా చెప్పాలా అని మా స్నేహితుల మధ్య మాట వచ్చినప్పుడల్లా, ముందు ఈ తేడా తేలాలని నాకు అనిపిస్తుంది.

బడి నుంచి వచ్చి ఆ ప్రశ్న అడిగిన మర్నాటి రాత్రి దాని పక్కన పడుకుని ఉన్నదున్నట్టు చెప్పాను. తాత చనిపోయాడు. చెరువు కింద మన చెలకలో మట్టి చేశారు. ఆ తర్వాత మనిషి ఏమవుతాడో అమ్మకు తెలియదు. ఉన్నది బయలొక్కటే, అంటే అంతులేని శూన్యమొక్కటే అని తాత నమ్మేవాడు, అది అమ్మకు ఇంకా పూర్తిగా అర్థం కాలేదు. నక్షత్రం సంగతి అమ్మ కల్పించి చెప్పింది, తప్పు చేసింది. "నీకు తెలియదా?" అని రెండుసార్లు అడిగింది. తెలియదన్నాను. చాలాసేపటికి నా చెయ్యి పట్టుకుని నిద్రపోయింది.

అలాగని ఇక కథలు వద్దు, అన్నీ సూటిగానే చెప్పేద్దాం అనుకుంటే అదీ కుదరదు. ఛాందోగ్య ఉపనిషత్తులో ఉద్దాలకుడి కొడుకు శ్వేతకేతువు పన్నెండేళ్లు గురుకులంలో చదివి, అన్నీ వచ్చన్న గర్వంతో ఇంటికి వస్తాడు. తండ్రి ఒక మర్రిపండు తెమ్మంటాడు. పగలగొట్టమంటాడు. లోపలి గింజను కూడా పగలగొట్టమంటాడు. ఏం కనిపిస్తున్నది? ఏమీ కనిపించడం లేదు. ఆ కనిపించని దాని నుంచే ఇంత మర్రిమాను నిలబడింది నాయనా అంటాడు. ఇంకోసారి రాత్రి నీళ్లలో ఉప్పు వేయించి, పొద్దున ఆ ఉప్పు తీసి ఇమ్మంటాడు. ఎక్కడ తీస్తాడు? పైన తాగి చూడు, నడుమ తాగి చూడు, అడుగున తాగి చూడు అంటాడు. ఒక్కొక్కటి చేయించాక సూటి మాట కూడా చెబుతాడు: తత్త్వమసి, అదే నువ్వు. ఆ ఒక్క మాట ఆ అధ్యాయంలో తొమ్మిదిసార్లు వస్తుంది. చివరిసారి తప్ప ప్రతిసారీ కొడుకు, ఇంకోసారి చెప్పండి అంటాడు.

ఇంతకంటే సూటి మాట ఇంకొకటి ఉండదు. అయినా ఒక్కసారికి దిగలేదు. నది, చెట్టు, తేనె, ఉప్పు అంటూ ప్రతిసారీ కొత్త దారిన వెళ్లాల్సి వచ్చింది. చెప్పినవాడు తండ్రి, విన్నవాడు పన్నెండేళ్లు చదివినవాడు. నేను ఎడిసన్‌లో స్కూలుకు దింపే ఏడు నిమిషాల్లో, కారు నడుపుతూ ఎంత చెప్పగలను!

బుద్ధుడి దగ్గరికి కిసా గోతమి చచ్చిపోయిన బిడ్డను ఎత్తుకుని మందు కోసం వచ్చినప్పుడు, పుట్టినవాళ్లందరూ పోతారమ్మా అని ఆయన ఒక్క మాటలో చెప్పి ఉండవచ్చు. ఆమె వినేది కాదు. చావు ఎరగని ఇంటి నుంచి గుప్పెడు ఆవాలు తెమ్మన్నాడు. ఆమె ఇంటింటికీ తిరిగింది. ప్రతి ఇంట్లోనూ ఆవాలు ఉన్నాయి. చావు లేని ఇల్లే దొరకలేదు. తిరిగి వచ్చేటప్పటికి ఆమెకు ఎవరూ ఏమీ చెప్పాల్సిన పని లేదు. తిరిగిన కాళ్లకు తెలిసింది.

మా తమ్ముడు దీనికి ఒప్పుకోడు. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. "అందరికీ నీ లెక్క కాదక్కా. ఆ పాటలు విన్నవాళ్లల్ల సగం మందికి సచ్చేదాకా ఏం తెల్వలేదు. తెలిసినోళ్లు చెవుల చెప్పుకున్నరు, తెల్వనోళ్లు తాళాలు కొట్టిన్రు. దాచి చెప్పుడు కూడా తప్పే" అంటాడు. వాడు అనేదాంట్లో నిజముంది. ఉపదేశం లేనివాడికి మర్మం విప్పకూడదన్న పట్టుదల మా వైపు గట్టిగానే ఉండేది. ఎన్నో పున్నములు ఆ భజనకు టీ కాచిన మా అమ్మకు ఎవరూ ఏమీ విప్పి చెప్పలేదు. అది నాకు ఇప్పటికీ బాధే.

అయినా ఊళ్లో కథ ఒంటరిగా ఉండేది కాదు. పాట చుట్టూ మనుషులు ఉండేవాళ్లు. చావులు కళ్ల ముందే జరిగేవి, పీర్లు లేచేవి, బతుకమ్మ చెరువులో కలిసేది. కథకు అర్థం ఆ చుట్టూనే ఎక్కడో దొరికేది. ఇక్కడ మా పిల్లలకు కథ ఒక్కటే చేతికి వస్తుంది. అందుకే మాకు భయం. ఎక్కడ అర్థం కాకుండా పోతుందోనని వెంటనే నీతి అంటించేస్తాం. పిల్లలు వెళ్లే ఆదివారం క్లాసులో ప్రతి కథ కింద ఒక గీత గీసి, ఈ కథలో నీతి ఏమిటి అని ఉంటుంది. ధ్రువుడు: పట్టుదల. ప్రహ్లాదుడు: భక్తి. శ్రవణుడు: తల్లిదండ్రుల సేవ. సెలవు రోజు వదులుకుని వచ్చి నేర్పే ఆ టీచర్ల మీద నాకు గౌరవం ఉంది. కానీ ఆ గీత నిండగానే కథ అయిపోతుంది. పిల్లలు దాన్ని మళ్లీ తెరవరు. నేనూ ఇంట్లో ఆ పనే చేశాను, చాలా ఏళ్లు చేశాను.

మా పెద్దది తన స్నేహితురాలితో చర్చికి వెళ్లి తప్పిపోయిన కుమారుడి కథ విని వచ్చింది. ఆస్తి తగలేసి తిరిగొచ్చిన చిన్నకొడుక్కి తండ్రి విందు చేస్తే, పెద్దకొడుకు అలిగి బయటే నిలబడే కథ. వారం రోజులు ఒకటే గొడవ. ఇంట్లోనే ఉండి పని చేసిన పెద్దకొడుక్కి ఏం మిగిలింది అని. ఇది కూడా ఇంట్లో పెద్దదే కదా! తండ్రి బయటికి వచ్చి బతిమాలతాడు. మరి అన్న లోపలికి వెళ్లాడా? యేసు ఆ మాట చెప్పకుండానే కథ ఆపేశాడు. ఆ ప్రశ్న దాన్ని నిలవనివ్వలేదు. నీతి రాసిన ఏ కథ గురించీ అది అన్ని రోజులు మాట్లాడలేదు.

ఆ అక్టోబరులో పిల్లలను న్యూయార్క్‌లోని మెట్ మ్యూజియంకు తీసుకెళ్లాను. ప్రాచీన బౌద్ధ శిల్పాల ప్రదర్శన జరుగుతున్నది, మన ఫణిగిరి రాళ్లు కూడా వచ్చాయని విన్నాను. ఫణిగిరి ఇప్పుడు సూర్యాపేట జిల్లా, నా చిన్నప్పుడు నల్లగొండే. అద్దాల వెనుక, తెల్లటి వెలుగులో మన జిల్లా రాయిని చూస్తే నా గొంతు పట్టేసింది. ఆ ప్రదర్శనలో చాలా రాళ్ల మీద బుద్ధుడు మనిషిగా ఉండడు. పాదాలు ఉంటాయి, చక్రం ఉంటుంది, ఖాళీ ఆసనం ఉంటుంది. "ఎవరూ లేని కుర్చీకి ఎందుకు దండం పెడుతున్నారు?" అని చిన్నోడు అడిగాడు. జవాబు నోటిదాకా వచ్చింది, బలవంతాన ఆపుకున్నాను. తిరుగు రైల్లో సగం దారి వచ్చాక పెద్దది, కిటికీలోంచి బయటికి చూస్తూ, "అమ్మమ్మ ఇంట్లో తాత కుర్చీలో కూడా ఎవరూ కూర్చోరు కదా" అన్నది. వీడియో కాల్‌లో ఆ కుర్చీ ఎప్పుడూ వెనుక కనిపిస్తూ ఉంటుంది. దాని గురించి ఇంట్లో ఎవరం ఎప్పుడూ మాట్లాడింది లేదు.

డిసెంబరు సెలవులకు ఊరికి వెళ్లాం. ఒకరోజు తమ్ముడు అందరినీ పానగల్లు తీసుకెళ్లాడు. నల్లగొండ పక్కనే, ఉదయ సముద్రం చెరువు దగ్గర ఛాయా సోమేశ్వరాలయం. కందూరు చోడుల కాలం నాటి గుడి, మూడు గర్భగుళ్లు. ఒక గర్భగుడిలో శివలింగం వెనుక గోడ మీద స్తంభం నీడ పడుతుంది, పొద్దున నుంచి సాయంత్రం దాకా కదలదు. అది ఏ స్తంభం నీడో తెలియదు. చిన్నోడు ఒక్కో స్తంభం దగ్గరికి పరుగెత్తి చెయ్యి ఊపి, వెనక్కి వచ్చి నీడలో తన చెయ్యి ఉందేమో చూశాడు. లేదు. అంతా శివయ్య మహిమ అని దర్శనానికి వచ్చిన ఒక పెద్దాయన అన్నాడు. తమ్ముడు నోరు తెరవబోతే చెప్పొద్దని సైగ చేశాను. పిల్లవాడి ఆశ్చర్యం పోతుందని నా టెన్షన్.

తమ్ముడు ఆగలేదు, చెప్పేశాడు. ఎండ నేరుగా లోపలికి పడదు, గుడి చుట్టూ చెదిరిన వెలుగు వేర్వేరు వైపుల నుంచి స్తంభాల మధ్యగా లోపలికి వస్తుంది, ఆ స్తంభాలు అడ్డుకున్న చోట వెలుగు తగ్గి నీడ ఏర్పడుతుంది, అందుకే అది ఏ ఒక్క స్తంభం నీడా కాదు అని నేల మీద వేలితో గీసి చూపించాడు. చిన్నోడు బొమ్మను చూశాడు, గోడను చూశాడు. "మరి కట్టినవాళ్లకు ఇదంతా తెలుసా? తెలిసే కట్టారా?" అని అడిగాడు. దానికి తమ్ముడి దగ్గర గీయడానికి ఏమీ లేదు. చిన్నోడు మళ్లీ వెళ్లి ఆ నీడ ముందు ఇంతకు ముందు కంటే ఎక్కువసేపు కూర్చున్నాడు. నేను పడిన భయం తప్పు. నిజం చెబితే ఆశ్చర్యం పోలేదు. నా నక్షత్రంలో నిజం లేదు కాబట్టి అది పోయింది.

ఆ రాత్రి అమ్మ తంబుర మీది గుడ్డ తీసి, దుమ్ము తుడిచి, వాకిట్లో కూర్చుని నాయిన పాట ఒకటి ఎత్తుకున్నది. ఆమె పాడగా నేనెప్పుడూ వినలేదు. ఇన్నేళ్లూ టీ కాస్తూ విన్నవన్నీ ఆమెకు నోటికి వచ్చు. పొద్దున లేచేసరికి చిన్నోడు కనిపించలేదు. పెరట్లోంచి, కొట్టం వెనుక నుంచి, మళ్లీ ముందు వాకిట్లోంచి వాడి అంకెలు వినిపించాయి. చివరికి వంటింట్లోకి వచ్చి, "అమ్మమ్మా, మనింటికి ఆరే ఉన్నాయి. తొమ్మిది ఉన్న ఇల్లు ఎక్కడ?" అన్నాడు.

పెద్దది నా వంక చూసింది. నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను, తల ఎత్తలేదు.

"నీ ఎంటనే ఉన్నది బిడ్డా," అన్నది అమ్మ, "ఎతుక్కో."

వాడు చెప్పులు వేసుకుని పక్కింటికి పరుగెత్తాడు.