గది ఉష్ణోగ్రత అంటే ఎవరి గది?

నిరుడు మే నెలలో మా మేనల్లుడు సెలవులకు ఇంటికి వస్తూ నా కోసం రెండు సీసాల రెడ్ వైన్ తెచ్చాడు. అతడు న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో చదువుకుంటున్నాడు. ఆ ఊరి నుంచి దేశం లోపలి వైపు వెళితే కొండల నడుమ సెంట్రల్ ఒటాగో అనే ప్రాంతం ఉంది. అక్కడ పండిన పినో న్వార్ అనే నల్లద్రాక్షతో చేసిన వైన్ అది. రెడ్ వైన్‌ను గది ఉష్ణోగ్రత దగ్గర వడ్డించాలని ఎప్పుడో చదివిన మాటను నమ్మి, మొగల్రాజపురంలోని మా ఇంటి ముందుగదిలో, అద్దాల బీరువాలో రెండు రోజుల పాటు ఒక సీసాను భద్రంగా నిలబెట్టి, మూడో రోజు రాత్రి అక్కను, బావగారిని భోజనానికి పిలిచాను. తెచ్చినవాడు మాత్రం తండ్రి ఎదుట గ్లాసు పట్టుకోవడానికి మొహమాటపడి మజ్జిగతో సరిపెట్టుకున్నాడు. బావగారు ఒక గుక్క తాగి, గ్లాసును దీపం వైపు ఎత్తి చూసి, "ఇది ద్రాక్షాసవం కదండీ! మా అమ్మ అన్నం తిన్నాక మూతతో కొలిచి, నీళ్లు కలిపి ఇచ్చేది" అన్నారు. నేను కూడా తాగి చూశాను. ఆయన మాటలో అతిశయోక్తి లేదు.

ఎండల వల్ల బెజవాడను బ్లేజ్‌వాడ అని వెక్కిరించినవారు ఉన్నారు. ఆ రాత్రి తొమ్మిది గంటలకు మా ముందుగదిలో 34 డిగ్రీలు ఉన్నట్లు గోడగడియారంలోని థర్మామీటర్ చూపింది. ఫ్రెంచివారు నేలమాళిగలో సుమారు 12 డిగ్రీల దగ్గర ఉన్న సీసాను పైకి తెచ్చి, భోజనాల గదిలో కొంతసేపు ఉంచడాన్ని 'షాంబ్రే' చేయడం అంటారు. ఆ మాట పుట్టిన నాటి రాతి ఇళ్లలో గది వెచ్చదనం 16 నుంచి 18 డిగ్రీలకు మించేది కాదు. అంటే అక్కడ గదిలో పెట్టడం సీసాను కొద్దిగా వెచ్చబరచడానికి చేసే పని అయితే, అదే పని ఇక్కడ దానిని ఉడికించడానికి పనికివస్తుంది. సూత్రం తప్పు కాదు, కానీ అది మన గదిని చూసి రాసినది కాదు.

వేడెక్కిన వైన్‌లో జరిగేది సులభంగానే అర్థమవుతుంది. ఆల్కహాల్ త్వరగా ఆవిరవుతూ ముక్కును పొడుస్తుంది, దాని చాటున పండు వాసన కనబడకుండా పోతుంది. నాలుకకు పులుపు మొద్దుబారి, తీపి, బరువు ముందుకు వస్తాయి. చల్లదనం పోయిన కూల్‌డ్రింక్ ఉత్త పానకమైపోవడం అందరికీ అనుభవమే. మరీ చల్లబరిస్తే దీనికి ఎదురు నష్టం: వాసనలు ముడుచుకుపోతాయి, వగరు, చేదు మాత్రం పదునెక్కుతాయి.

ఇది ఏ రెడ్ వైన్‌కైనా వర్తించేదే కానీ, చలిప్రాంతపు వైన్‌కు నష్టం ఎక్కువ, ఎందుకంటే దాని బలమంతా పులుపులోను, సువాసనలోను ఉంది. పినో న్వార్‌కు నచ్చే చోట, తీగ చిగురించి కాయ పండే ఏడు నెలల సగటు ఉష్ణోగ్రత సుమారు 14 నుంచి 16 డిగ్రీలు మాత్రమే. మనకు సంక్రాంతి వేకువజామున కూడా అంతకంటే వెచ్చగానే ఉంటుంది. ఫ్రాన్స్‌లోని బర్గండీ దీనికి పుట్టినిల్లు. 1395లోనే అక్కడి ప్రభువు ఫిలిప్, గమే అనే ఇంకొక ద్రాక్షను పీకివేసి పినో న్వార్‌నే ఉంచాలని ఆజ్ఞ ఇచ్చాడు. ఒటాగోలో వసంతకాలపు మంచు చిగుళ్లను మాడ్చివేయకుండా, పైనున్న వెచ్చని గాలిని కిందికి నెట్టడానికి హెలికాప్టర్లను ఎగరేస్తారట. మా మేనల్లుడు ఆ చప్పుడుకు తెల్లవారుజామున నిద్రలేచిన సంగతి చెప్పాడు. అలాంటి చలిలో కాయ నిదానంగా పండుతుంది, చక్కెర మితంగా చేరుతుంది, వేడి రాత్రుల్లో కాయ శ్వాసక్రియకు ఖర్చయిపోయే మాలిక్ ఆమ్లం చాలావరకు మిగులుతుంది. రసం పులిసిన తరువాత బాక్టీరియా ఆ మాలిక్ ఆమ్లాన్ని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. మన పెరుగులోని పులుపు అదే. ఈ ద్రాక్ష తొక్క పలుచన కాబట్టి రంగు లేత దానిమ్మరసాన్ని పోలి ఉంటుంది, వగరు కూడా తక్కువ. వైన్ గురించి ఇంగ్లీషులో రాసేవారు టానిన్ అనే మాటను వివరించడానికి పేరాలు ఖర్చుపెడతారు కానీ, నేరేడుపండు తిన్న నాలుకకు, కరక్కాయ చప్పరించిన నాలుకకు వగరు అన్న ఒక్క మాట చాలు.

రెండో సీసా విషయంలో తప్పు అటువైపు జరిగింది. త్వరగా చల్లబడుతుందన్న ఆశతో దానిని డీప్ ఫ్రీజర్ అరలో పెట్టి, ఫోను మాటల్లో పడి మరచిపోయాను. రాత్రి గుర్తుకు వచ్చేసరికి సగం గడ్డకట్టి ఉబ్బిన వైన్ మరమూతను తోసుకుని కారి, పక్కనున్న పచ్చిబఠాణీల సంచిని ఎర్రగా తడిపింది. మా ఆవిడ ఆ సంచిని నా కంచం పక్కన పెట్టి ఏమీ మాట్లాడలేదు. కరిగిన తరువాత సీసా అడుగున కలకండ నలుసుల వంటి స్ఫటికాలు కనబడ్డాయి. అవి గాజుముక్కలేమోనని మొదట భయపడ్డాను. తీరా చూస్తే చలికి విడిపోయిన టార్టారిక్ ఆమ్లపు లవణం. చింతపండుకు పులుపునిచ్చేది కూడా ఆ టార్టారిక్ ఆమ్లమే. పరాయి దేశపు సారాయి అనుకున్నది మన పులుసుకు దూరపు చుట్టమని తెలియడం నాకు ఆ సీసా మిగిల్చిన ఏకైక లాభం.

ఈ సంక్రాంతికి అతడు మళ్లీ ఒక సీసా తెచ్చినప్పుడు, పెరుగు తోడు పెట్టేముందు పాల వేడి చూడటానికి కొన్న పుల్ల థర్మామీటర్‌ను నేను దగ్గర పెట్టుకున్నాను. నేర్చుకున్నది ఇది. స్టీలు బకెట్‌లో సగం ఐసు, సగం నీళ్లు పోసి, సీసాను మెడ దాకా ముంచితే, ముప్పై దాటిన వేడి నుంచి 14 డిగ్రీలకు దిగడానికి సుమారు ఇరవై నిమిషాలు చాలు. ఉత్త ఐసు గడ్డల మధ్య పెడితే సందుల్లో గాలి ఉండిపోయి ఎక్కువసేపు పడుతుంది. నీరు సీసాను అన్ని వైపులా అంటుకుంటుంది. గుప్పెడు రాళ్లుప్పు వేస్తే ఇంకా త్వరపడుతుంది కానీ, పుల్ల ఐసు అమ్మే బండి కాదు కాబట్టి అంత తొందర అక్కరలేదు. ఫ్రిజ్ మామూలు అరలో అయితే దాదాపు మూడు గంటలు పెట్టవలసి వచ్చింది. ఉక్కపోతకు సీసా చెమటలు పట్టి లేబుల్ ఊడిపోతుంది, గుడ్డ చుట్టుకోవడం మంచిది.

అసలు తిప్పలు వడ్డించిన తరువాత మొదలవుతాయి. చలిదేశాల్లో గ్లాసులో పోసిన వైన్ నెమ్మదిగా విచ్చుకోవడానికి ఎదురుచూస్తారు. మన దగ్గర అది పరుగెత్తుతుంది. ఫ్యాను కింద పది నిమిషాల్లో మూడు నాలుగు డిగ్రీలు ఎక్కడం నేను కొలిచి చూశాను. అందుకే రెండు పనులు చేస్తున్నాను: తాగదగిన వేడి కంటే రెండు డిగ్రీలు తక్కువలో పోయడం, ఒకసారికి వంద మిల్లీలీటర్లకు మించకుండా పోసి సీసాను మళ్లీ బకెట్‌లో ఉంచడం. అతిథికి గ్లాసు నిండా పోయడమే మర్యాద అనుకునే మన అలవాటుకు ఇది పిసినారితనంలా తోస్తుంది. బావగారు ఆ మాట అననే అన్నారు. గ్లాసు పొట్ట వెడల్పుగా, మూతి కాస్త ఇరుకుగా ఉండి, మూడోవంతు మాత్రమే నిండితే, మిగిలిన ఖాళీలో వాసన నిలుస్తుంది. కాడ పట్టుకుంటే అరచేతి వేడి తగలదు. వేరే పాత్రలోకి వంపి గాలి పట్టించే తతంగం లేత పినో న్వార్‌కు నా దృష్టిలో అనవసరం.

భోజనం సంగతి వచ్చేసరికి కృష్ణకు ఇవతల ఒడ్డున ఉన్నా గుంటూరు మిరపను తప్పించుకోలేము. మిరపలోని కాప్సైసిన్ మంటను ఆల్కహాల్ పెంచుతుంది, వగరు దానికి తోడవుతుంది. కాబట్టి ఆల్కహాల్, వగరు తక్కువగా ఉన్న ఈ వైన్ ఇతర ఎర్ర వైన్ల కంటే మన వంటకు మెరుగే, అయినా ఆవకాయ ముందు నిలబడలేదు. ఆ ప్రయోగం చేసి ఓడిపోయాను. గోంగూర పప్పు దగ్గర మాత్రం ఆశ్చర్యం కలిగింది: పుల్లని కూర ముందు పులుపు తక్కువైన వైన్ చప్పబడిపోతుంది కానీ, దీనికి సొంత పులుపు ఉన్నందున సరిజోడుగా నిలిచింది. పుట్టగొడుగుల వేపుడు ఇంకా బాగుంది. అన్నిటికంటే బాగా కుదిరినది, కొల్లేరు వైపు నుంచి తెప్పించిన బాతును మా ఆవిడ ఎండుకారం బాగా తగ్గించి, మిరియాలు, ధనియాలతో దగ్గరగా వేయించిన కూర. బాతు కొవ్వు నాలుకపై పేరుకున్న ప్రతిసారీ ఒక గుక్క దానిని కడిగివేసింది. పినో న్వార్‌కు బాతు జోడీ అని పాశ్చాత్యులు ఎప్పటి నుంచో చెబుతున్న మాటను మా వంటింటి మిరియాలు కూడా ఒప్పుకున్నాయి.

మిగిలిన వైన్‌ను మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజులు రుచి చెడలేదు. తెరవని సీసాను వేసవిలో అటక మీద కానీ, ఫ్రిజ్ నెత్తిన కానీ ఉంచకూడదు. వేరే దారి లేకపోతే కూరగాయల అరే నయం.

మూడో రోజున మిగిలిన చివరి వంద మిల్లీలీటర్లను 10 డిగ్రీల దగ్గర గ్లాసులో పోసి, థర్మామీటర్‌ను అందులోనే ఉంచి, ఒక్కొక్క డిగ్రీకి ఒక్కొక్క చుక్క రుచి చూస్తూ వరండాలో కూర్చున్నాను. పదకొండు దగ్గర వాసన లేదు, నాలుక అంచున చిరుచేదు ఉంది. పదమూడు దగ్గర దానిమ్మ గింజ కొరికినట్లు పులుపు తేలింది. పదిహేను, పదహారు మధ్య ఎర్రటి పండ్ల వాసన, దాని వెనుక తొలకరికి తడిసిన ఎండుటాకుల వాసన ఒకేసారి వచ్చాయి. అక్కడ ఆపగలిగితే ఎంత బాగుండునో అనిపించింది. పంతొమ్మిది దాటాక ఆకుల వాసన పోయింది. ఇరవై నాలుగు దగ్గర బావగారి ద్రాక్షాసవం మళ్లీ మొదలైంది.