గుండెదడకు థెరపీ: మొదటి నెలలోనే మానేయకండి

నాకు వచ్చింది పానిక్ డిజార్డర్. ఉన్నట్టుండి గుండె దడదడమంటుంది, వేళ్ల చివర్లు తిమ్మిరెక్కుతాయి, ఊపిరి అందదు, ఇంక ప్రాణం పోతుందనిపిస్తుంది. చాలావరకు 10 నిమిషాల్లోపే అది పైకెక్కి, తర్వాత దానంతటదే దిగిపోతుంది. మా చిత్తూరు, తిరుపతి వైపు దీన్ని గ్యాస్ అంటారు, నరాల బలహీనత అంటారు, గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు. థెరపీతో, అంటే మాటలతో, అభ్యాసాలతో చేసే చికిత్సతో నాకు నయమైంది. అయితే మొదలుపెట్టినవాళ్లలో కొందరు తొలి నెలలోనే మానేస్తారు, ఎందుకంటే ఆ నెలలో తగ్గుతున్నట్టు ఏమీ కనిపించదు. అప్పుడు లోపల జరిగే పని ఏమిటో ముందే తెలిస్తే నిలబడగలరు.

ముందు ఒంట్లో వేరే కారణం లేదని తేల్చుకోవాలి. ఈసీజీ, థైరాయిడ్ పరీక్ష, హిమోగ్లోబిన్, షుగర్ చూపించుకుంటే సాధారణంగా సరిపోతుంది, మిగతాది డాక్టరు చెబుతారు. థైరాయిడ్ ఎక్కువైనా, రక్తం తక్కువైనా గుండెదడ వస్తుంది కాబట్టి ఇది తప్పనిసరి. అన్నీ బాగున్నాయని తేలాక మాత్రం దడ వచ్చినప్పుడల్లా ఇంకో ఈసీజీకి పరుగెత్తొద్దు. కొత్త రిపోర్టు ఇచ్చే ధైర్యం నాలుగు రోజులు కూడా నిలవదు, అనుమానం మాత్రం బలపడుతుంది.

ఎవరి దగ్గరికి వెళ్తున్నారో తెలుసుకోండి. సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యం చదివిన డాక్టరు, మందులు రాసేది ఆయనే. క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు, థెరపీ చేస్తారు. వాళ్లకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఆ నంబరు అడగడం మర్యాద తక్కువేమీ కాదు. పేరు ముందు డాక్టర్ అని ఉన్నంత మాత్రాన వైద్యుడని అనుకోకండి, పీహెచ్‌డీ చేసినవాళ్లూ అలా రాసుకుంటారు. రోగనిర్ధారణకు, మందులకు తిరుపతిలో రుయా ఆస్పత్రి సైకియాట్రీ ఓపీ ఉంది. చిత్తూరు వైపువాళ్లు కొందరు వేలూరు సీఎంసీకి పోతారు. కానీ వారం వారం ముప్పావుగంట కూర్చోబెట్టి మాట్లాడడం రద్దీగా ఉండే ఓపీలో కుదరదు. ప్రైవేటు థెరపిస్టు అవసరం అక్కడే వస్తుంది.

ఫోన్‌లోనే అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఫీజు ఎంత, సెషన్ ఎన్ని నిమిషాలు, రాలేకపోతే ఎన్ని గంటల ముందు చెప్పాలి, పానిక్‌కు ఏ పద్ధతి వాడతారు, సుమారు ఎన్ని సెషన్లు పట్టొచ్చు. పానిక్‌కు బాగా పరీక్షకు నిలిచిన పద్ధతి సీబీటీ, అంటే ఆలోచననూ అలవాటునూ మార్చే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ. వారానికి ఒకటి చొప్పున సాధారణంగా 12 నుంచి 16 సెషన్లు పడుతుంది. ఒక్క సెషన్‌లో నయం చేస్తామన్నా, పూర్వజన్మ చూపిస్తామన్నా, డాక్టరిచ్చిన మందులు వెంటనే ఆపేయమన్నా, పది సెషన్ల డబ్బు ముందే కట్టమన్నా ఫోన్ పెట్టేయండి. రశీదులు దాచుకోండి కానీ ఇన్సూరెన్స్‌పై ఆశ పెట్టుకోవద్దు. మానసిక అనారోగ్యాన్నీ శారీరక అనారోగ్యంతో సమానంగా బీమా చేయాలని 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం చెబుతోంది. అయినా చాలా పాలసీలు ఆస్పత్రిలో చేరితేనే డబ్బిస్తాయి.

మొదటి సెషన్ దాదాపు అంతా ప్రశ్నలే. ఎప్పుడు మొదలైంది, నిద్ర ఎలా ఉంది, కాఫీ ఎన్నిసార్లు తాగుతారు, మద్యం అలవాటుందా, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా. తర్వాత రెండు కాగితాలు ఇస్తారు. జీఏడీ-7లో ఆందోళన గురించి 7 ప్రశ్నలు, 21 మార్కులు. పీహెచ్‌క్యూ-9లో దిగులు గురించి 9 ప్రశ్నలు, 27 మార్కులు. ఆ తొమ్మిదోది చచ్చిపోవాలన్న ఆలోచనల గురించి. దానికి నిజమే రాయండి. అవునని రాసినంత మాత్రాన ఆస్పత్రిలో చేర్చేయరు, ఇంకాస్త వివరంగా అడుగుతారు. మీరు చెప్పింది గోప్యంగా ఉంచాలన్నది చట్టం, మీ ప్రాణానికో ఇంకొకరికో ప్రమాదం ఉన్నప్పుడు, కోర్టు ఆదేశించినప్పుడు లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. సెషన్ల మధ్య రాత్రిపూట అలాంటి ఆలోచన ముంచుకొస్తే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బు పడదు.

ఇంటికొచ్చాక నాయనో అమ్మో అడుగుతారు, "ఏం నాయనా, అంతసేపు ఏం మాట్లాడినారు?" అంతా చెప్పనక్కర్లేదు. "రాసుకు రమ్మని పని ఇచ్చినారు, చేయాల" అంటే చాలు. వీడియోలో సెషన్ అయితే తలుపు వేసుకోగల గది కావాలి. అవతల టీవీ ముందు పెద్దమ్మ కూర్చుని ఉంటే నోట్లోంచి అసలు మాట రాదు. మేడపైకో, ఆపి ఉన్న కారులోకో వెళ్లి ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి.

రెండు, మూడు వారాల్లో చేసేది డైరీ. ఎక్కడున్నారు, ఒంట్లో మొదట ఏం తెలిసింది, మనసులో ఏ మాట వచ్చింది, భయం వందకు ఎంత, తప్పించుకోడానికి ఏం చేశారు. ఆఖరి గడి ముఖ్యమైనది. చేతిలో నీళ్ల బాటిల్, జేబులో మాత్ర, బస్సులో తలుపు పక్క సీటు, ఎవరికో ఒకరికి ఫోన్ కలిపి పెట్టుకోవడం, ఇవన్నీ అందులోకి వస్తాయి. ప్రమాదం లేనే లేదని మనసుకు తెలియాల్సిన చోట, బాటిల్ ఉండబట్టి బతికానని అది నేర్చుకుంటుంది. అందుకే ఒక్కొక్కటీ వదిలిస్తారు. రోజూ భయాన్నే గమనిస్తుంటే అది పెరిగినట్టుంటుంది. మానేసేవాళ్లు ఎక్కువగా ఇక్కడే మానేస్తారు, పనికొచ్చే భాగం ఇంకా మొదలవకముందే.

ఆ తర్వాత దడను కావాలని రప్పిస్తారు. థెరపిస్టు ఎదురుగా ఒక నిమిషం గబగబా, లోతుగా ఊపిరి పీల్చి వదలాలి. సగం నిమిషానికే పెదాల చుట్టూ చీమలు పాకినట్టుంటుంది, వేళ్లు బిగుసుకుంటాయి, కళ్ల ముందు వెలుతురు ఊగుతుంది. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గడం వల్ల వచ్చే తిమ్మిరి అది, గుండెపోటు కాదు. ఊపిరి మామూలుగా వదిలేస్తే కాసేపట్లో పోతుంది. ఇంకో రోజు ఉన్నచోటే పరుగు, ఇంకో రోజు తిరిగే కుర్చీ, మరో రోజు ముక్కు మూసుకుని సన్నటి స్ట్రాతో ఊపిరి. ఒక్కసారి చేసి భయమేసి ఆపేస్తే ఇంకా బెదిరిపోతారు. ఇక మామూలైపోయిందనిపించేదాకా వరసగా చేయాలి, ఇంట్లోనూ రోజూ చేయాలి. గుండెజబ్బు, ఫిట్స్, ఆస్తమా ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరును అడగకుండా చేయకూడదు.

చివరికి బయటికి వెళ్లడం, మెట్టు మెట్టుగా. తిరుపతిలో దానికి వెతుక్కోనక్కర్లేదు. ఆర్టీసీ బస్టాండులో ఊరికే కూర్చోవడం కింది మెట్టు. రేణిగుంట బస్సులో నిలబడి వెళ్లడం ఆపై మెట్టు. తిరుమల బస్సులో వెనక సీటు ఇంకా పైది, ఘాట్‌రోడ్డు మధ్యలో దిగిపోయే వీలు లేదు కాబట్టి. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో గేటు వేసిన కంపార్టుమెంటు అన్నిటికంటే పైన. వెళ్లేముందు "ఏమవుతుందని భయం" అని ఒక వాక్యం రాసుకోవాలి, వచ్చాక నిజంగా ఏమైందో పక్కన రాయాలి. నెలకోసారి వెళ్తే లాభం లేదు, వారంలో మూడు నాలుగుసార్లు వెళ్లాలి. తోడుకు అక్క వస్తే రెండు నిమిషాలకోసారి "ఎట్లుంది? భయమేస్తా ఉందా?" అని అడగకుండా ఉండమని ముందే చెప్పండి. తర్వాత ఆమె లేకుండా వెళ్లండి. గోవిందా అనడం మానమని ఎవరూ చెప్పరు. అనకపోతే ప్రాణం పోతుందన్న భయంతో లెక్కపెట్టి అంటుంటే మాత్రం ఆ సంగతి సెషన్‌లో చెప్పాలి.

మందులూ వాడుతుంటే డాక్టరుకూ థెరపిస్టుకూ ఇద్దరికీ చెప్పండి. రోజూ వేసుకునే ఎస్‌సిటలోప్రామ్ లాంటివి పూర్తిగా పనిచేయడానికి 4 నుంచి 6 వారాలు పట్టొచ్చు, మొదట్లో కాస్త కంగారు పెరగొచ్చు కూడా. వాటిని సొంతంగా ఆపితే తల తిరగడం, చిరాకు వస్తాయి, డాక్టరే కొద్దికొద్దిగా తగ్గిస్తారు. భయాన్ని త్వరగా అణిచే ఆల్‌ప్రజోలామ్, క్లోనజెపామ్ లాంటివి బస్సెక్కేముందు వేసుకుంటే ఆ రోజు నేర్చుకోవాల్సింది మాత్ర ఖాతాలోకి పోతుంది.

నాలుగైదు సెషన్లైనా ఇంటిపని ఇవ్వకుండా, ఎటు వెళ్తున్నామో చెప్పకుండా, ధైర్యంగా ఉండమని మాత్రమే అంటుంటే నేరుగా అడగండి. జవాబు సరిగా లేకపోతే వేరేవాళ్ల దగ్గరికి మారండి, మొహమాటం వద్దు. బాగా నడుస్తుంటే చివర్లో సెషన్లు పదిహేను రోజులకోసారి, తర్వాత నెలకోసారి అవుతాయి. ఆఖరి సెషన్‌లో ఒక కాగితం రాయిస్తారు, దడ తిరిగొస్తే ఏం చేయాలో. జ్వరమొచ్చినప్పుడో, నిద్ర చెడినప్పుడో, ఇంట్లో చావు జరిగినప్పుడో అది తిరిగి రావచ్చు. అప్పుడు కింది మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. రెండు వారాలు చేసినా తగ్గకపోతే థెరపిస్టుకు ఫోన్ చేసి ఒకటి రెండు సెషన్లు అడగాలి.