నాలుగు పాయలు, ఒక సైకిలు

సంక్రాంతికి ఇంటికెళ్ళి బావ సైకిలు తీశానో లేదో, వీధి చివరికి చేరేలోపే ఆపేశారు. "బండి పాడైందా బాబూ?" అని ఒకాయన. "షుగరేమైనా వచ్చిందా?" అని ఎదురింటి పిన్నిగారు. రాజమండ్రిలో నలభై దాటినవాడు సైకిలెక్కాలంటే ఈ రెంటిలో ఏదో ఒకటి ఉండాలి కాబోలు!

ధవళేశ్వరం దాకా చెప్పుకోడానికేం లేదు. ఆటోలు, దుమ్ము, హారన్లు. బ్యారేజీ ఎక్కాకే సంగతి మారింది. చిన్నప్పట్నుంచీ బస్సులో దాటిందే. నా లెక్కలో అదొకటే వంతెన, గోదారీ ఒకటే. సైకిలు మీద మాత్రం గోదారి నాలుగుసార్లు వచ్చింది. ధవళేశ్వరం పాయ, 70 గేట్లు. అది అవగానే పిచ్చుకలంక, నేలా చెట్లూ. మళ్ళీ నీళ్ళు, ర్యాలి పాయ, 43. బొబ్బర్లంక దాటితే మద్దూరు పాయ, 23. ఆఖర్న విజ్జేశ్వరం పాయ, 39. మొత్తం 175. కుడిపక్క నిండుగా నీళ్ళు, ఎడమపక్క ఇసుక మేటలు. 1852లో కాటన్ దొర పూర్తిచేసిన ఆనకట్ట కూడా ఈ లంకల్ని ఆసరా చేసుకున్నదే. బడిలో బట్టీపట్టి పరీక్షలో రాశాను. ఎందుకలా కట్టారో కాళ్ళు నొప్పి పుట్టాక తెలిసింది.

కొవ్వూరులో గోష్పాదం దగ్గర టీ తాగాను. గుక్కెడు టీ పదిహేను రూపాయలు. హైదరాబాదు రేట్లు గోదారి కూడా దాటేశాయి.

తిరుగుదారి రోడ్డు కమ్ రైలు వంతెన మీద. 1974 నాటిది, నాలుగు కిలోమీటర్ల పైనే ఉంటుంది. కింద రైలు, పైన మనం. ఎదురుగాలి. దానికి తోడు ప్రతి అతుకు దగ్గరా సీటు ఎగిరి తంతోంది. ఆ అతుకుల్ని అలా వదిలేసినవాళ్ళని నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ తొక్కుతుంటే, వెనక క్యారేజీ మీద అరిటాకుల కట్టలేసుకుని ఒక పెద్దాయన నన్ను దాటేశాడు. గేర్లు లేని పాత సైకిలు, కాళ్ళకి హవాయి చెప్పులు.

"అతుకొచ్చినప్పుడు సీటు మీంచి లేవాలండి. కూచుంటే నడుం పోద్ది" అన్నాడు, వేగం తగ్గించకుండానే. తర్వాత జాలిపడి నా పక్కకొచ్చాడు. టౌన్లో హోటళ్ళకి ఆకులేస్తాడట. ఇంతలో వంతెన వణికింది. "గూడ్సండి. ప్యాసింజరైతే ఇంత ఊగదు" అన్నాడు కిందకి చూడకుండా. నేను కమ్మీల దగ్గరికెళ్ళి తొంగిచూశాను. గూడ్సే.

కొవ్వూరు మొన్నటిదాకా పశ్చిమగోదావరి. 2022లో జిల్లాలు విడగొట్టాక మా తూర్పులో కలిసింది. ఆయన్నడిగితే, "మాకెప్పుడూ ఒకటేనండి, ఆకులమ్మేది అక్కడేగా" అన్నాడు.

వంతెన దిగాక ఆయన మార్కెట్టు వైపు తిరిగిపోతూ, నా గేర్లకేసి చూసి ఎంతయిందని అడిగాడు. బావ పదహారువేలకి కొన్నాడని చెప్పాను. "ఆయ్!" అని ఊరుకున్నాడు.

రేపు కాలవగట్టు పట్టుకుని కడియం నర్సరీల వైపు వెళ్దామనుకుంటున్నాను. వేమగిరి దగ్గర హైవే దాటడమే కష్టమంటున్నారు. బావేమో ముందు బ్రేకులు బిగించుకోమంటున్నాడు.