జర్మనీ రైల్లో తోడుకు టికెట్ అక్కర్లేదు, కార్డు మీద ‘బీ’ ఉంటే

జర్మనీలో వికలాంగుల కార్డు వచ్చేసింది కదా అని టికెట్ లేకుండా నేరుగా ట్రామ్ ఎక్కేస్తే 60 యూరోల ఫైన్ పడొచ్చు. కార్డు మీద ఏ అక్షరాలున్నాయో ముందు చూసుకోండి.

వైకల్య స్థాయి 50, ఆపైన ఉంటే ష్వేర్‌బెహిండర్టెన్‌ఔస్‌వైస్ (ఈ వికలాంగుల కార్డే) ఇస్తారు. (ఇది శాతం కాదు, సదరం సర్టిఫికెట్‌లోని 40 శాతంతో పోల్చకండి.) ఫ్రీ ప్రయాణం మాత్రం కార్డు మీద జీ (నడక కష్టం), ఏజీ (నడక మరీ కష్టం), హెచ్ (రోజువారీ పనులకు సాయం కావాలి), బీఎల్ (చూపు లేదు), జీఎల్ (వినికిడి లేదు) అక్షరాల్లో ఒకటైనా ఉన్నవాళ్లకే. వాళ్ల కార్డు సగం ఆకుపచ్చ, సగం నారింజ రంగు. దానికి జతగా వేర్ట్‌మార్కె (ప్రయాణానికి కొనే స్టాంపు) ఉన్న కాగితం తెప్పించుకోవాలి: 2025 నుంచి ఏడాదికి 104 యూరోలు, ఆరు నెలలకైతే 53. హెచ్, బీఎల్ వాళ్లకు ఊరికే ఇస్తారు. కాగితం ఇంట్లో వదిలేస్తే కార్డు ఒక్కటే చెల్లదు. జీ గానీ జీఎల్ గానీ మాత్రమే ఉన్నవాళ్లు కారు పన్నులో సగం తగ్గింపో, వేర్ట్‌మార్కెనో ఏదో ఒకటే ఎంచుకోవాలి.

తోడు లెక్క వేరు. కార్డు మీద బీ (తోడు అవసరమని చెప్పే అక్షరం) ఉంటే వెంట వచ్చే ఒకరికి టికెట్ అక్కర్లేదు, వేర్ట్‌మార్కె లేకపోయినా సరే. తమాషా ఏంటంటే, వేర్ట్‌మార్కె దేశమంతటా బస్సు, ట్రామ్, ఎస్-బాన్ (నగర, శివారు రైళ్లు), ఆర్‌ఈ, ఆర్‌బీ (ప్రాంతీయ రైళ్లు)ల్లో పనిచేస్తుంది గానీ దూరప్రయాణాల హైస్పీడ్ రైలు ఐసీఈలో పనిచేయదు. బీ అక్కడా చెల్లుతుంది. అంటే ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి బెర్లిన్‌కు ఐసీఈలో వెళ్తే వీల్‌చైర్‌లో ఉన్న అమ్మ టికెట్ కొనాలి, పక్క సీట్లో కొడుకు ఫ్రీ! సీటు రిజర్వేషన్ ఇద్దరికీ ఉచితమే, మర్చిపోకుండా చేయించుకోండి.

బీ ఉంటే ఒంటరిగా ఎక్కకూడదని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అది తోడు తెచ్చుకునే హక్కే తప్ప షరతు కాదు. బీ ఉన్న ఇద్దరు మాత్రం ఒకరికొకరు తోడుగా చెల్లరు.

కార్డుకు దరఖాస్తు ఫెర్‌జోర్గుంగ్స్‌ఆమ్ట్ అనే ప్రభుత్వ ఆఫీసుకు పెట్టాలి (రాష్ట్రాన్ని బట్టి ఆఫీసు పేరు మారుతుంది). ఫీజు లేదు. బీ రాకపోవడానికి తరచూ కారణం, ఫారంలో జబ్బు పేరు రాసి వదిలేయడం. వాళ్లు చూసేది బస్సులో, రైల్లో ఎప్పుడూ సాయం కావాలా అన్నది. అందుకే ‘పార్కిన్సన్స్’ అని రాసి ఆగొద్దు. ‘ట్రామ్ మెట్టు ఎక్కాలంటే చెయ్యి పట్టుకోవాలి, బ్రేకు వేస్తే పడిపోతారు’ అని రాయండి, డాక్టరు చేత కూడా అదే రాయించండి. నిర్ణయం నచ్చకపోతే ఉత్తరం అందిన నెలలోపు అభ్యంతరం పంపాలి.

విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు ఈ కార్డు రాదు, జర్మనీలో చట్టబద్ధ నివాసమో ఉద్యోగమో ఉండాలి. మన యూడీఐడీ (భారత వికలాంగుల గుర్తింపు) కార్డు అక్కడ పనిచేయదు, వాళ్లకు టికెట్ కొనాల్సిందే.