పరుపు మరకలు, కంపు: చెంబుతో నీళ్లు పోయకముందు

పిల్లోడు పరుపు మీద ఉచ్చ పోసుకుంటే చాలా ఇళ్లలో జరిగేది ఒకటే. చెంబుడు నీళ్లు పోసి, ఇంత సర్ఫు చల్లి, బట్టల బ్రష్షుతో బరాబరా రుద్దుతారు. అప్పటికి తెల్లగానే కనబడుతుంది. మూడో రోజుకు మరక చుట్టూ గోధుమరంగు చార, దగ్గరికి పోతే ముక్కిపోయిన వాసన. మరక ఎక్కడికీ పోలేదు, కిందికి దిగింది. చీరనైతే జాడించి పిండొచ్చు, పరుపును పిండలేం. లోపలికి పోయిన నీళ్లన్నీ గాలి తగిలి ఆవిరైపోవాల్సిందే. ఏ మందు వాడినా సరే, ఎంత తక్కువ తడిపాం, ఎంత తొందరగా ఆరబెట్టాం అనేదాని మీదే పనంతా ఆధారపడుతుంది.

ఈ పనికి కర్నూలు, అనంతపురం, కడప ఊళ్లలో ఒక మేలుంది, ఒక కీడుంది. మేలు పొడిగాలి. వానల నెలలు తప్పిస్తే తడి ఇట్టే లాగేస్తుంది. కీడు బోరు నీళ్లు. సబ్బు నురగ రాని నీళ్లవి. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి కరగని తెట్టు కడతాయి. బట్టల్లోంచైతే జాడింపులో కొంత పోతుంది, పరుపులో అక్కడే ఉండిపోయి దుమ్మును పట్టుకుంటుంది, ఆరాక తెల్లచార తేలుతుంది. అందుకే ఈ పనికి 20 లీటర్ల క్యాన్ నీళ్లే వాడండి. మహా అయితే ఒక లీటరు ఖర్చు.

ముందు మీ పరుపు ఏదో చూసుకోండి. ఆదోని పత్తి పక్కనే పెట్టుకున్న వాళ్లం కాబట్టి దూది పరుపు వదులుకోని ఇళ్లు మనవైపు ఇంకా ఉన్నాయి. దూదికి ఎండ తగిలినా ఏం కాదు, కానీ బాగా తడిస్తే ఉండలు కడుతుంది. బూరుగు దూది వేరే సంగతి. దాని పోగుకు సహజంగానే మైనంలాంటి పూత ఉంటుంది, నీళ్లు తొందరగా పట్టవు, అది ఉతికే సరుకు కాదు. కొబ్బరి పీచు పరుపు తొందరగా ఆరుతుంది కానీ ఎక్కువ తడిపితే పీచులోని గోధుమరంగు దిగి పైబట్టకు ఎక్కుతుంది. ఉన్న మరకకు ఇంకో మరక తోడు. ఫోమ్, లేటెక్స్ పరుపులు స్పాంజిలాగా తాగేస్తాయి, పైగా ఎండకు పసుపు పచ్చబడి పొడిపొడిగా రాలతాయి. వీటిని ఏప్రిల్, మే ఎండలో మిద్దె మీద పడేసేవాళ్లను చూస్తే బాధేస్తుంది. ఆరబెట్టాల్సింది నీడలో, గాలికి.

తాజా ఉచ్చకు రుద్దుడు పనికిరాదు, అద్దాలి. తెల్లటి నూలు తువ్వాలు నాలుగు మడతలు పెట్టి మరక మీద పరిచి, దాని మీద నిలబడండి. మడమతో అర నిమిషం నొక్కి, పొడి మడత తిప్పి మళ్లీ నొక్కండి. బట్టకు తడి అంటడం ఆగేదాకా ఇదే పని. రంగు తువ్వాలు వద్దు, దాని రంగు దిగుతుంది. తర్వాత వెనిగర్, నీళ్లు సగం సగం స్ప్రే సీసాలో కలిపి పైపైన కొట్టండి, అరచేతి వెడల్పు మరకకు పది పన్నెండు నొక్కులు చాలు. ఉచ్చ కుళ్లేకొద్దీ పుట్టే అమోనియాను వెనిగర్‌లోని ఆమ్లం విరిచేస్తుంది. పది నిమిషాలాగి మళ్లీ అద్ది, చెమ్మ మాత్రం మిగిలాక తినే సోడా టీ జాలితో చల్లండి, పరుపు బట్ట కనబడనంత మందాన. రాత్రంతా, కనీసం ఎనిమిది గంటలు ఉంచి వాక్యూమ్‌తో లాగండి. వాక్యూమ్ లేకపోతే పరుపును నిలబెట్టి పొడి బ్రష్షుతో పై నుంచి కిందికి దులపండి.

ఇక్కడ రెండు పొరపాట్లు. ఒకటి, వెనిగర్, సోడా గిన్నెలో కలిపి పొయ్యడం. బుసబుసా పొంగుతుంది కాబట్టి ఏదో గొప్ప పని జరుగుతోంది అనిపిస్తుంది. నిజానికి ఒకదాన్ని ఒకటి చంపేసుకుని మిగిలేది దాదాపు ఉప్పునీళ్లే. ఒకటి ముందు, ఒకటి తర్వాత. రెండోది, చాకలి సోడా తెచ్చి చల్లడం. అది ఘాటైన క్షారం, చర్మానికి మంట. అంగట్లో అడిగేటప్పుడే తినే సోడా అని గట్టిగా చెప్పండి. ఇంకో మాట: వెనిగర్ సీసాను కడప బండ మీద, బేతంచెర్ల బండల మీద పెట్టేటప్పుడు కింద ప్లేటు పెట్టండి. అవి సున్నపురాయి జాతి. చుక్క పడితే పాలిష్ తినేసి తెల్లటి మచ్చ మిగులుతుంది, అది తుడిస్తే పోయే మచ్చ కాదు.

పాత ఉచ్చ మరక మొండిది. ఎండినప్పుడు వాసన ఉండదు, ముసురు పట్టగానే, కూలర్ వేయగానే మళ్లీ లేస్తుంది. లోపల మిగిలిన యూరిక్ ఆమ్లపు స్ఫటికాలు నీళ్లకు సరిగ్గా కరగవు, చెమ్మ తగిలినప్పుడల్లా వాసన లేస్తుంది. దీనికి మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ పనిచేస్తుంది. మన దగ్గర మామూలుగా ఇచ్చే సీసా మీద 6 శాతం, 20 వాల్యూమ్స్ అని ఉంటుంది, లేబుల్ చదివి చూసుకోండి. 100 మి.లీ. సీసాకు 100 మి.లీ. క్యాన్ నీళ్లు కలిపితే 3 శాతం అవుతుంది. అందులో రెండు పెద్ద చెంచాల తినే సోడా, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి, కుదపకుండా చెంచాతో కలిపి వెంటనే స్ప్రే చేయండి. చేతికి గ్లౌజు ఉండాలి, లేకపోతే వేళ్లు తెల్లబడి చురుక్కుమంటాయి.

మరక మీద పడ్డ అర నిమిషానికి సన్నటి నురగ లేస్తుంది. చెవి దగ్గర పెడితే సిర్రుమని వినిపిస్తుంది. దాన్ని తుడవొద్దు, అద్దొద్దు, అట్లాగే ఆరనివ్వండి. ఆరాక తెల్లటి పొడి తేలుతుంది, బ్రష్షుతో దులిపేయండి. పసుపు రంగు సగమే పోతే మరుసటి రోజు మళ్లీ ఒకసారి. మిగిలిన మందును మూత బిగించి దాచొద్దు, లోపల గ్యాస్ పుట్టి సీసా పగులుతుంది. రంగు బట్ట, పూల డిజైన్ ఉన్న పరుపైతే ముందు మూలన ఒక చుక్క వేసి చూడండి, ఎందుకంటే ఇది రంగునూ తినేస్తుంది. చెమటకు మెడ దగ్గర, వీపు దగ్గర పడే పసుపు మరకలకూ ఇదే మందు.

బ్లీచింగ్ పౌడర్, బాత్రూమ్ యాసిడ్ మాత్రం పరుపు దరిదాపుల్లోకి రానివ్వొద్దు. బ్లీచింగ్ ఉచ్చలోని అమోనియాతో కలిస్తే క్లోరమైన్ గ్యాసులు, ఆమ్లంతో కలిస్తే క్లోరిన్ గ్యాసు పుడతాయి. తలుపులేసిన పడకగదిలో అది ఊపిరితిత్తుల మీదికే వస్తుంది.

రక్తపు మరకకు చల్లటి నీళ్లు కావాలని అందరికీ తెలుసు. కానీ వేసవి మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడి అన్న సంగతి కొళాయి తిప్పేటప్పుడు ఎవరికీ గుర్తుండదు. వేడి తగిలితే రక్తంలోని మాంసకృత్తు గడ్డకట్టి పోగుల్లో పాతుకుపోతుంది. కుండ నీళ్లో, ఫ్రిజ్ నీళ్లో వాడండి. గ్లాసు నీళ్లకు చెంచా ఉప్పు వేసి, బట్ట ముంచి గట్టిగా పిండి, అంచుల నుంచి మధ్యలోకి అద్దండి. మధ్య నుంచి బయటికి పోతే మరక పెద్దదవుతుంది. ఎండిపోయిన రక్తానికి 3 శాతం పెరాక్సైడ్ ఒక్కటే చుక్కలుగా వేస్తే కుతకుతా నురగ కక్కుతుంది. నురగ తుడిచి మళ్లీ వేయాలి, రెండు మూడుసార్లు పడుతుంది.

పసుపు, కుంకుమ దగ్గర చాలామంది బోల్తా పడతారు. పసుపు మరక మీద సబ్బు గానీ సోడా గానీ వేస్తే కళ్లముందే ఎర్రగా మారుతుంది, రక్తం పడిందా అన్నంత ఎరుపు. కంగారు పడొద్దు. పసుపులోని కుర్కుమిన్ అనే రంగుకు క్షారం తగిలితే ఎరుపవడం సహజం. అసలు కుంకుమ చేసేదే పసుపుకు సున్నం తగిలించి. వెనిగర్ నీళ్లు కొట్టి అద్దితే తిరిగి పసుపు పచ్చకు వస్తుంది. ఆ రంగుకు ఎండ శత్రువు. దూది పరుపైతే మరక పైకి ఉండేలా రెండు మూడు రోజులు ఎండలో పెడితే దానంతటదే పాలిపోతుంది. ఫోమ్ పరుపైతే మరక ఉన్న చోటు మాత్రం వదిలి మిగతాదంతా దుప్పటి కప్పి, పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా చాలు, అట్లా నాలుగైదు రోజులు. అంగట్లో రంగు కలిపి అమ్మే కుంకుమకు ఈ కిటుకు పారదు. దానికి స్పిరిట్ ముంచిన దూదితో అద్ది రంగు లాగడమే. బాల్ పెన్ను సిరాకూ స్పిరిటే. కిటికీ తీసి పెట్టండి, దగ్గర్లో దీపం, అగరుబత్తి ఉండకూడదు.

పసిపిల్లల ఆముదం, తలకు రాసుకునే కొబ్బరినూనె మరకలకు నీళ్లు తగలకముందే పని కావాలి. శనగపిండో టాల్కం పౌడరో మందంగా చల్లి, మీద ఒక కాగితం, దాని మీద బరువు పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దునకు పిండి ముద్దగా అయితే దులిపి కొత్తది చల్లండి. పిండి పొడిగా ఉండేదాకా ఇదే. శనగపిండి పూర్తిగా దులపకపోతే చీమలు, పురుగులు వస్తాయి, నా ఓటు పౌడరుకే. చివరికి అర గ్లాసు నీళ్లకు గిన్నెల లిక్విడ్ అర చెంచా, నురగ మాత్రం తీసుకుని బట్టతో అద్దాలి. టీ, కాఫీకి వెనిగర్ నీళ్లు చాలు. వాంతి అయితే ముందు అట్టముక్కతో గీకి తీసేసి, ఎంజైమ్ ఉన్న డిటర్జెంటు ఒక చెంచా గోరువెచ్చని గ్లాసు నీళ్లలో కలిపి, అద్ది, ముప్పావు గంట తడిబట్ట కప్పి ఉంచండి. ఎంజైమ్‌కు టైం కావాలి, మరిగే నీళ్లు పోస్తే చచ్చిపోతుంది.

ఇక ఆరబెట్టడం. నేల మీద, బండల మీద పరిస్తే కింది వైపు ఆరదు. నవారు మంచమో నులక మంచమో ఉంటే దాని మీద వేయండి, కింద నుంచి కూడా గాలి ఆడుతుంది. ఫోమ్, పీచు పరుపులను గోడకు జానెడు ఎడంగా నిలబెట్టి, టేబుల్ ఫ్యాను అడ్డంగా తిప్పండి. గది చల్లగా ఉందని కూలర్ ముందు పెడతారు చాలామంది. కూలర్ ఊదేది తడిగాలి, ఆ గదిలో పరుపు రెండు రోజులైనా ఆరదు. ఆషాఢం గాలిలో మిద్దె మీద వేసేటప్పుడు అనంతపురం వాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి: చెమ్మగా ఉన్న చోట ఎర్రమట్టి దుమ్ము పేరుకుంటే అదే కొత్త మరక. పాత నూలు చీర ఒక పొర కప్పండి.

ఆరిందో లేదో చేత్తో తాకి చెప్పలేం. మరక ఉన్న చోట పొడి టిష్యూ కాగితం పెట్టి, దాని మీద 5 లీటర్ల నూనె క్యాన్ పది నిమిషాలు ఉంచండి. కాగితం మెత్తబడితే ఇంకో పూట ఆగాలి. మరక చోట చారగీత మిగిలితే, తడి అంచుకు మురికి కొట్టుకుపోయి ఆగిందని అర్థం. క్యాన్ నీళ్లు ఆ గీత దాటి అర జానెడు వెడల్పున సన్నగా స్ప్రే చేసి, బయటి నుంచి లోపలికి అద్దితే కలిసిపోతుంది.

మరకేం లేకుండా వాసన మాత్రమే ఉంటే ఆరు అడుగుల ఒంటి మంచం పరుపుకు పావు కేజీ తినే సోడా, డబుల్‌కు అర కేజీ. సాంబ్రాణి వేస్తే పొగ వాసన తోడవడం తప్ప లాభం లేదు. కలరా ఉండలు పరుపు కింద పెట్టే అలవాటైతే మానేయండి. ఆ నాఫ్తలీన్ ఆవిరి ఊపిరితో లోపలికి పోతుంది, జి6పిడి అనే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉన్న పసిపిల్లలకు రక్తకణాలు విచ్ఛిన్నమయ్యే ప్రమాదముంది. కొత్త పరుపు తొడుగు పాడవుతుందని దాంతో వచ్చిన ప్లాస్టిక్ కవరు తీయకుండా పడుకునేవాళ్లు చాలామంది. చెమట పోయే దారిలేక లోపలే బూజు పడుతుంది. కవరు తీసేసి, కావాలంటే ఉతుక్కునే వాటర్‌ప్రూఫ్ తొడుగు వేసుకోండి.

కుట్ల వెంబడి వరసగా నల్లచుక్కలు కనిపిస్తే బూజు అనుకుని సోడా చల్లకండి. తడిబట్టతో తుడిస్తే తుప్పు రంగులో సాగితే అది నల్లుల రెట్ట. దానికి వైద్యం వేరు. ఆకుపచ్చగా, బూడిదరంగులో నూగులా ఉంటే బూజు. ముక్కుకు గుడ్డ కట్టుకుని, పరుపు బయటికి తెచ్చి పొడి బ్రష్షుతో దులిపి, 70 శాతం స్పిరిట్‌తో తుడవండి. ఇంట్లోనే దులిపితే బూజు పొడి గదంతా చేరుతుంది. జిప్పు తీసి చూస్తే ఫోమ్ లోపల కూడా మచ్చలుంటే ఆ పరుపు మీద ఇంక డబ్బు పెట్టొద్దు, ఆయాసం ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే అసలే వద్దు. దూది పరుపుకు మాత్రం ఆ స్థితిలోనూ ఒక దారి మిగిలి ఉంది. టాకాలు విప్పి, బూజు పట్టిన దూది తీసి పారేసి, మిగతాది రెండెండలు ఎండబెట్టి, దూది ఏకేవాళ్ల దగ్గర ఏకించి, ఉతికిన గలీబులో మళ్లీ నింపించుకోవచ్చు. తగ్గిన దూదికి కొత్తది ఎంత కలపాలో వాళ్లే తూకం వేసి చెబుతారు.